బోర్లించిన అరచేతులు

తలపాగా నా ఒళ్ళో ఉంది. వెదురు చట్రం మీద బిగించిన ఎర్ర గుడ్డ, అంచుల చుట్టూ గవ్వలు, పైన విచ్చుకున్న ఈకలు. గంట మోగగానే దీన్ని నెత్తిన పెట్టుకుని ఆ ఎత్తు తలుపు తోసుకుని సభలోకి వెళ్ళాలి. అధ్యక్షుడు పిలవగానే లేచి ఒక్క వాక్యం చదవాలి. తూర్పు కొండ బిల్లును ఆదివాసీ వ్యవహారాల మంత్రిగా సభ ముందు ప్రవేశపెడుతున్నాను. అంతే. ఊపిరి పీల్చి వదిలినంత సేపు. చదివితే కొండ గనుల కంపెనీకి పోతుంది, దాని మీదున్న ఊళ్ళు మైదానంలో రేకుల ఇళ్ళలోకి దిగుతాయి. ప్రవేశపెట్టను అని నోరు తెరిచి చెబితే బిల్లు అక్కడే చస్తుంది. ఈ సభకి ఇదే ఆఖరి రోజు, ఆ తర్వాత ఎన్నికలు, ఎన్నికలు ముగిసేలోపు కంపెనీ అనుమతికి గడువు తీరిపోతుంది, మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టాలంటే సర్వేలు, విచారణలు, కోర్టులు, నేను బతికుండగా తేలే పని కాదు. కొండ నిలుస్తుంది. నేను పోతాను. ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు. పొద్దుట్నుంచీ అదే ఆలోచిస్తున్నాను.

ఈ గదిలో కుర్చీలు మెత్తన. కూర్చుంటే నడుము దాకా దిగబడతాం, లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. మొదటిసారి గెలిచి వచ్చినప్పుడు ఇలాగే దిగబడిపోతే పెద్దాయన నవ్వి చెయ్యిచ్చాడు. "అలవాటవుతుందిలే తమ్ముడూ. కుర్చీలోంచి లేవడం ఎలాగో నేను నేర్పిస్తాను, కూర్చోవడం నువ్వే నేర్చుకో." పార్టీ మొత్తానికీ ఆయన పెద్దాయనే. నాకు మాత్రం అంతకంటే ఎక్కువ. సీటిచ్చాడు, మంత్రిని చేశాడు, నా పెళ్ళికి పెద్దగా నిలబడ్డాడు. ఇప్పుడు అదే కుర్చీలో దిగబడి ఎదురుగా గోడ మీద మాజీ అధ్యక్షుల పటాలు చూస్తున్నాను. అందరి కోట్లూ ఒకే దర్జీ కుట్టినట్టున్నాయి. దర్జీ అనుకోగానే మళ్ళీ చెయ్యి తలపాగా మీదికి పోయింది. దీన్ని కుట్టింది పార్టీ కార్యాలయం పక్క సందులోని దర్జీ. మంచివాడు, మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతూ ఉండేది, కొలత తీసుకుంటూ నా తలని గుమ్మడికాయలా అటూ ఇటూ తిప్పాడు. ఎక్కడ చూశావయ్యా ఇలాంటిది అనడిగితే, "మ్యూజియంలో చూసి కుట్టానండి, అచ్చం మీవాళ్ళదే" అన్నాడు గర్వంగా.

అచ్చం మావాళ్ళదే. ఆ మ్యూజియం రిబ్బను కత్తిరించింది నేనే. కొత్తగా మంత్రినయిన ఏడు. అద్దాల పెట్టెల మధ్య నడిపిస్తూ మ్యూజియం అధికారి ఒక్కో వస్తువూ చూపిస్తున్నాడు, ఒకచోట ఆగి, ఇది మీ పెద్దల ఆచార శిరస్త్రాణం అన్నాడు. చూశాను. మా పెద్దక్క వాగులో చేపలు పట్టే బుట్ట. తలకిందులుగా పెట్టి చుట్టూ ఎర్ర పట్టు చుట్టారు. కాదు అని చెప్పాలి. పక్కన అధికారులు, వెనక కెమెరాలు, ఆ మ్యూజియం అధికారి తెల్లజుట్టు, ఆయన కళ్ళలో సంతోషం. నేను మాట్లాడలేదు. మావాళ్ళ పద్ధతిలో అది గట్టిగా కాదనడమే. ఆయన అవునన్నట్టు తీసుకుని తర్వాతి పెట్టె దగ్గరికి వెళ్ళాడు. అక్కడ్నుంచి దర్జీ దగ్గరికి, దర్జీ దగ్గర్నుంచి నా నెత్తికి, నా నెత్తి మీంచి గోడల మీది పోస్టర్లకి, పోస్టర్ల మీంచి కొండకి. పోయిన వేసవిలో మేనల్లుడి పెళ్ళికి వెళ్తే పెళ్ళికొడుకు నెత్తిన ఇదే. ఇదెక్కడిదిరా అంటే, "మన పాత ఆచారం కదా మామా" అన్నాడు. అప్పుడూ నేను మాట్లాడలేదు.

గంట ఇంకా మోగలేదు. ఎవరో టీ తెచ్చి పెట్టి వెళ్ళారు, మీద మీగడ కట్టింది. గొంతు తడారనివ్వకూడదు, ఒక గుక్క తాగాలి అని ఒక ఆలోచన, తడిపితే మాట జారిపోతుందేమో అని ఇంకో ఆలోచన. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు మైదానం వాళ్ళు. మా దగ్గర ఆ సామెత అక్కర్లేదు, అసలు పెదవే దాటనివ్వం. మా కొండ భాషలో వద్దు అనే మాట ఉంది, లేక కాదు. దాన్ని పసిపిల్లలకీ మేకలకీ వాడతాం. నిప్పు ముట్టుకోబోయే పిల్లాడితో అంటాం, చేలో పడ్డ మేకతో అంటాం. పెద్ద మనిషి ముఖం మీద ఆ మాట అంటే నువ్వు మేకవి అన్నట్టే. అందుకని పెద్దలు ఇష్టం లేనిది వింటే మోకాళ్ళ మీద అరచేతులు బోర్లించి ఊరుకుంటారు. కాసేపు కూర్చుని లేచి వెనక్కి చూడకుండా వెళ్ళిపోతారు. అయిపోయినట్టే. అడిగినవాడికి పరువు దక్కుతుంది, అడిగించుకున్నవాడికి కొండ దక్కుతుంది. అదే ఇష్టమైతేనా, మాట్లాడతారు, ఎదుటివాడి చెవులు చిల్లులు పడేదాకా మాట్లాడతారు.

జలాశయం వాళ్ళు వచ్చినప్పుడు ఇదే జరిగింది. కాలేజీ చదువు సగంలో ఆపి ఇంటి దగ్గర ఉన్నాను, రెండు భాషలూ వచ్చినవాణ్ణని దుబాసీగా కూర్చోబెట్టారు. అధికారి మైకులో అడిగాడు, మీ ఊళ్ళు ఖాళీ చెయ్యడానికి ఎవరికైనా అభ్యంతరమా అని. నేను కొండ భాషలో చెప్పాను. ఊరు ఊరంతా అరచేతులు బోర్లించింది. గాలి తప్ప చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ ఒంటి మీద తెలుస్తుంది, కొండ మీది మనుషులంతా ఒక్కసారిగా తలుపులు వేసుకున్నట్టు. అధికారి గుమస్తా వైపు తిరిగి, అభ్యంతరాలు లేవు అని రాయించాడు. నేను లేచి అన్నాను, అయ్యా, వాళ్ళు ఒప్పుకోలేదు. ఆయన జాలిగా చూశాడు. "మౌనం అర్ధాంగీకారం అంటారు బాబూ, చదువుకున్నావు కదా."

ఊరి తరఫున కోర్టుకి వెళ్ళాను, అక్కడా అదే మాట వచ్చింది. న్యాయమూర్తి కళ్ళద్దాల మీంచి చూసి, మౌనం అంటే సగం ఒప్పుకున్నట్టే కదా అన్నారు. మీ దగ్గర సగం ఒప్పుకోవడం, మా దగ్గర పూర్తిగా కాదనడం, అన్నాను. అవతలి వకీలు లేచి, "అయితే ఈయన ఇంత మాట్లాడుతున్నాడంటే జలాశయానికి ఒప్పుకున్నట్టేనా?" అన్నాడు. కోర్టంతా నవ్వింది. న్యాయమూర్తి కూడా నవ్వారు. నవ్వాకే తీర్పిచ్చారు. కొండ ఊళ్ళలో జరిగే విచారణల్లో మౌనాన్ని నిరాకరణగా లెక్కించాలి. కొండ భూముల బిల్లు ఏదైనా ఆదివాసీ వ్యవహారాల మంత్రే స్వయంగా ప్రవేశపెట్టాలి, ఇంకెవరూ పెట్టకూడదు. జలాశయం ఆగిపోయింది. పేపర్లో నా ఫోటో. మాట్లాడే కొండోడు అని పేరు పెట్టారు. మర్నాడే పెద్దాయన కారు వచ్చి మా వాగు దగ్గర ఆగింది, ఇవతలే, అవతలికి దారి లేక. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని వాగు దాటి వచ్చాడు. పెద్దక్క అది చూసి, ఈయన మనిషే అంది. చెప్పులు చేత్తో పట్టుకున్నవాణ్ణి నమ్మకుండా ఎలా ఉంటాం.

అప్పట్నుంచీ మాట్లాడుతూనే ఉన్నాను. శంకుస్థాపనల్లో, టీవీల్లో, మా శాఖ గదిలో. మా శాఖ గది సచివాలయంలో క్యాంటీన్ పక్కన, పొద్దున్నే వేపుడు వాసనతో ఫైళ్ళు తెరుస్తాం. మంత్రి పదవుల్లో చివరి పంక్తి. "సార్, మన శాఖకి వచ్చినవాళ్ళు రెండు రకాలు," అని మా కార్యదర్శి ఒకసారి అన్నాడు, "పైకి వెళ్ళేవాళ్ళు ఇక్కడ ఆగుతారు, ఇక్కడే ఆగేవాళ్ళు మీరొక్కరే." మర్యాదగానే అన్నాడు. ఇన్నేళ్ళలో మైదానం భాషలో కాదనడం ఎలాగో నేర్చుకున్నాను. చూద్దాం. పరిశీలిస్తాం. సానుకూలంగా ఉన్నాం. వీళ్ళు కూడా కాదు అని ముఖాన అనరు, మేము ఊరుకుంటాం, వీళ్ళు మాట్లాడతారు, తేడా అంతే. హాస్టళ్ళు కట్టించాను. వాటిలో మా పిల్లలు కొండ భాష మాట్లాడితే గోడ కుర్చీ వేయిస్తున్నారని తెలిసింది. చూద్దాం అన్నాను. మా అమ్మాయి పుట్టింది, ఈ ఊళ్ళోనే పెరిగింది, వకీలైంది, కొండ భాషలో దానికి నాలుగు ముక్కలు వచ్చు, అందులో ఒకటి మేకల మాట. వాళ్ళ అత్త, మా పెద్దక్క, నేర్పింది. దానికి ఎంత ఇష్టమో ఆ మాటంటే, చిన్నప్పుడు ఇల్లంతా తిరుగుతూ కుర్చీలనీ గిన్నెలనీ అదిలించేది.

పొద్దున ఫోన్ చేసింది. "నాన్నా, ఉపన్యాసం వద్దు. ప్రవేశపెట్టను. ఒక్క మాట. నోటితో."

"తెలుసమ్మా."

"నీకు తెలుసు. నీ నోటికి తెలియదు."

వాళ్ళమ్మ పక్కనుంచి అంటోంది, ఆయన్ని కాస్త తిననివ్వవే అని. నా భార్య స్కూల్లో లెక్కలు చెబుతుంది, మైదానం మనిషి, నా మౌనాలని ఇన్నేళ్ళుగా తప్పుగా అర్థం చేసుకుంటూ నాతో సుఖంగానే కాపురం చేసింది. పదవి పోతే క్వార్టర్ ఖాళీ చెయ్యాలేమో కదండీ అంది, భయంగా కాదు, అట్టపెట్టెలు ఎక్కడ దొరుకుతాయో ఆలోచిస్తూ. నిన్న సాయంత్రం పెద్దాయన పిలిచాడు. ఈ మధ్య నడవలేకపోతున్నాడు, మోకాళ్ళకి దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. "కొండని తవ్వి ఎలుకని పట్టారని సామెత, కానీ ఈసారి ఎలక్కాదు తమ్ముడూ, ఏనుగు. పార్టీ బతకాలి కదా. నీ నోటితో వస్తేనే అందం." అత్త సొమ్ము అల్లుడు దానం, అనుకున్నాను. ఆయన మోకాళ్ళ మీద దుప్పటి చూస్తూ నా మోకాళ్ళ మీద అరచేతులు బోర్లించాను. ఆయన వాటి మీద తన చెయ్యి వేసి తట్టాడు. "నాకు తెలుసు, నువ్వు మాట దాటవని."

ఇందాక పెద్దక్క ఈ గదిలోకి వచ్చింది. అమ్మ పోయాక నన్ను వీపున కట్టుకుని పెంచింది ఈవిడే. అమ్మాయి పాసు తీసి రప్పించింది, కొండ దిగి ఇంత దూరం రావడం ఇదే మొదలు. గేటు దగ్గర కర్ర లాక్కున్నారట, గోడ పట్టుకుని నడిచొచ్చింది. నా నెత్తి వైపు చూసి ఆగిపోయింది.

"చేపల బుట్ట నెత్తిన పెట్టుకున్నావేంట్రా?"

"పార్టీ వాళ్ళిచ్చారక్కా."

"వాగు ఎటు?"

నవ్వాను. చాలా రోజుల తర్వాత కొండ భాషలో నవ్వాను, ఆ నవ్వు వేరేగా ఉంటుంది, కడుపులోంచి. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. అక్క పక్కన కూర్చుంది, దిగబడిపోయింది, ఇదేం కుర్చీరా బురదలాగా అంది. తర్వాత మెల్లిగా అడిగింది. "తూర్పు వాలు పోడు కొట్టుకున్నాం. విత్తనం వెయ్యమంటావా, ఆగమంటావా? ఊళ్ళో అందరూ అడిగి రమ్మన్నారు. నేల తడిగా ఉంది, ఆగితే ఆరిపోతుంది." సభలో తేలుతుందక్కా అన్నాను. "సరే, చూస్తాను" అని లేవబోయి లేవలేక చెయ్యి చాపింది. నేను చెయ్యిచ్చాను. ఎంత తేలికయిపోయింది మనిషి. ఇప్పుడు పైన సందర్శకుల వరసలో కూర్చుని ఉంటుంది, అమ్మాయి పక్కన.

అనేస్తాను. ఎందుకనను. ప్రవేశపెట్టను. పెదాలు కలపాలి, విడదీయాలి, అంతే కదా. ఖాళీ గదిలో ఒకసారి అని చూశాను, బాగానే వచ్చింది, పటాల్లో మాజీ అధ్యక్షులెవరూ కదల్లేదు. ఇప్పటి అధ్యక్షుణ్ణి కునుకు మామ అంటారు, సగం సభ నిద్రలోనే నడిపిస్తాడు, ఇబ్బంది అంటే గిట్టదు. పోయిన సమావేశాల్లో మత్స్యశాఖ మంత్రికి గొంతు పట్టేసి మాట రాకపోతే, "పాపం, ప్రవేశపెట్టినట్టే భావిద్దాం" అనేశాడు, అందరూ బల్లలు చరిచారు, నేనూ చరిచాను. మంచి మనిషి అనుకున్నాను. ఇప్పుడెందుకు గుర్తొచ్చింది అది. నా గొంతు బాగానే ఉంది. టీ మీద మీగడ పక్కకి తోసి ఒక గుక్క తాగాను. చల్లారిపోయింది.

గంట.

తలుపు. తివాచీ. మా వరస చివరి కుర్చీ నాది. తలపాగా ఎప్పుడు పెట్టుకున్నానో తెలియదు, నెత్తిన ఉంది. ముందు వరసలో పెద్దాయన, ఇద్దరు పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టినట్టున్నారు, దుప్పటితో సహా. వెనక్కి తిరిగి నన్ను చూశాడు, చెప్పులు చేత్తో పట్టుకుని వాగు దాటిన ముఖమే, ముసలిదైంది. పైన అక్క. కటకటాల మీద చేతులు పెట్టుకుని వంగి చూస్తోంది, అమ్మాయి పెదాలు కదుపుతోంది, నోటితో, నోటితో. అధ్యక్షుడు పిలిచాడు. లేచాను. కుర్చీ ఎవరి చెయ్యీ లేకుండానే వదిలింది. ఇప్పుడు అనాలి. ప్ర. పెదాలు కలిశాయి. పెద్దాయన చూస్తున్నాడు. ఈయన ముఖం మీద ఎలా అంటాను, ఈయన మేకా, పసిపిల్లాడా, అక్క చూస్తుండగా తండ్రిలాంటివాణ్ణి పట్టుకుని. అరచేతులు బల్ల మీద బోర్లించుకున్నాయి. నేను బోర్లించలేదు, అవే. ఇక అంతే. సభంతా నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దం మధ్యలో నిలబడ్డాను, జలాశయం నాడు ఊరు ఊరంతా మూసుకున్న తలుపు ఇప్పుడు నేనొక్కణ్ణే వేశాను, నా బతుకులో ఇంత గట్టిగా ఎప్పుడూ కాదనలేదు, ఇంతకంటే గట్టిగా ఎవరూ అనలేరు. పైన అక్క కటకటాల మీద తన అరచేతులు కూడా బోర్లించింది. నాతోపాటు. గర్వంగా.

అధ్యక్షుడు కళ్ళు తెరిచాడు. నా తలపాగా చూశాడు, నా కళ్ళు చూశాడు, దయగా నవ్వాడు.

"మంత్రిగారికి మాట రావడం లేదు. సొంత మనుషుల బాగు కదా, ఉద్వేగం సహజం. ప్రవేశపెట్టినట్టే భావిద్దాం."

బల్లలు చరిచారు. కాదు, అయ్యా, ఆ తీర్పు, మౌనం అంటే. ఆ తీర్పు కొండ ఊళ్ళకే, ఈ హాలుకి కాదు, రాయించుకున్నది నేనే, అప్పట్లో ఈ హాలు సంగతి మాకెవరికీ తట్టలేదు, ఇక్కడికి మావాళ్ళెవరైనా వస్తారని ఎవరనుకున్నారు. ఒప్పుకునేవారు? హాలు కప్పు ఎగిరిపోయేంత అరుపు. కాదనేవారు? ఇదిగో, ఇంకా సమయం ఉంది, అడుగుతున్నాడు, నన్నే చూసి అడుగుతున్నాడు, బల్లకి అతుక్కున్న చేతులు, అమ్మాయి పైన లేచి నిలబడింది, దాని నోరు తెరుచుకుంది, మేకల మాట, అక్షరం అక్షరం దాని పెదాల మీద కనిపిస్తోంది, కాపలా మనిషి భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. ఏకగ్రీవం, అన్నాడు అధ్యక్షుడు. పెద్దాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. పైకి చూశాను. అక్క లేచింది. వెనక్కి చూడకుండా, మెట్ల వైపు, పని అయిపోయిన మనిషిలా నడిచి వెళ్ళిపోయింది.

వరండాలో కనిపించింది. కర్ర తిరిగి ఇచ్చారు, రెండు చేతులూ దాని మీద వేసి నిలబడింది. అమ్మాయి దూరంగా గోడ వైపు తిరిగి ఉంది, దానికి అత్తతో చెప్పేంత కొండ భాష రాదు. వెళ్ళేవాళ్ళు నా భుజాలు తట్టి వెళ్తున్నారు. అక్క నా నెత్తి మీంచి బుట్ట తీసింది. చెమటకి అతుక్కున్న జుట్టు సర్దింది.

"బాగా చెప్పావురా. ఆ ముసలాయన పరువు కూడా పోనివ్వలేదు. అమ్మ ఉంటే మురిసిపోయేది. లోపల అంత మంది బల్లలు కొడుతున్నారు, వీళ్ళకీ అర్థమైందన్నమాట."

ఆవిడ వెనక అద్దంలో సభ ఖాళీ అవుతోంది. ఎవరో దీపాలు ఒక్కొక్క వరసా ఆర్పుతున్నారు. అక్క బుట్టని చేతిలో తిప్పి చూసింది, అల్లిక వేలితో నొక్కింది, దీంట్లో చేపలు ఆగవు, కన్నాలు పెద్దవి అంది. తర్వాత ఇంటికి బయల్దేరే మనిషి గొంతుతో అడిగింది.

"అయితే రేపే చేలోకి దిగి విత్తనం వేసుకోమని చెప్తాను. వేసుకోవచ్చు కదరా?"

నేను మాట్లాడలేదు.

అక్క నవ్వు కాసేపు ముఖం మీదే ఉంది. తర్వాత నా కళ్ళు వదిలేసి చేతుల వైపు చూసింది. ఇంతమందిలో ఆవిడ ఒక్కతే నా భాష వచ్చిన మనిషి. బుట్ట నేల మీద పెట్టింది, బోర్లించి కాదు, వాగులో పెట్టినట్టు మూతి పైకి. కర్ర ఆనించుకుని, వెనక్కి చూడకుండా, మెట్లు దిగడం మొదలుపెట్టింది.